హాసిని గది కింద

శ్వాసయై దేహగేహాల సంచరించు
మారుతాత్మజ! హనుమయ్య! మమ్ము గావ
చీకటింటను దాగిన చెమ్మ వెదకు
వారి కండగ నిలువుమా వాసిమీఱ.

రాజుకూ పేదకూ ఒకే గాలిని ఊపిరిగా పంచిపెట్టిన ఆ స్వామికి మొక్కి, ఒక పసిబిడ్డ ఊపిరికి అడ్డుపడిన దానిని వెదకి పట్టిన ఘట్టమిది.

డబ్లిన్ దగ్గరి క్లోనీ ఊరి చివర తొమ్మిది పాత ఇళ్ళ వరుసలో తొమ్మిదవ ఇంటి గుమ్మం దగ్గర చాముండేశ్వరి బూట్లు విడిచేటప్పటికి పదకొండుంబావు అయింది. ఆమెకు యాభై ఆరేళ్ళు. ఇరవై రెండేళ్ళపాటు ఒక మందుల ఫ్యాక్టరీలో, సూదిమందులు నింపే శుద్ధగదుల గాలిలోకి కంటికి కనబడని బూజు ఏ దారిన వస్తున్నదో కనిపెట్టడమే ఆమె ఉద్యోగం. అది మానుకున్నాక అదే విద్యతో ఇళ్ళ గాలిని విచారించే పని పెట్టుకున్నది. డబ్లిన్ చుట్టుపక్కల తెలుగువాళ్ళు చాటున ఆమెను బూజు డిటెక్టివ్ అంటారు. ఆ మాట తన చెవిని పడినట్టు ఆమె ఎన్నడూ బయటపడలేదు.

ఆనాటి గడువు సాయంత్రం నాలుగు గంటలు. ఆ ఇంట్లో అద్దెకున్న శ్రీవత్స కూతురు హాసిని, ఏడేళ్ళ పిల్ల, ఆ సంవత్సరంలో మూడవమారు ఆయాసంతో ఆసుపత్రిలో చేరి ఐదు రోజులయింది. తల్లి సుధేష్ణ పిల్ల పక్కనే ఉన్నది. నాలుగింటికి ఇంటికి పంపుతామన్నారు. పంపుతూ డాక్టరు ఒక మాట చెప్పింది. కారణం ఇంట్లోనే ఉన్నదని తన అనుమానమనీ, అది తేలకుండా మళ్ళీ అదే గదిలో పడుకోబెడితే నాలుగవసారి పిల్ల ఇంత సులువుగా తేరుకోకపోవచ్చుననీ.

హాలులో అప్పటికే ఒక మనిషి కాలుమీద కాలు వేసుకుని కూర్చుని ఉన్నాడు. అతడు కళాధర్. అద్దె ఇళ్ళ ఏజెన్సీ తరఫున కట్టడాలను పరిశీలించి నివేదికలు రాసే సర్వేయరు. ఇంటిలో లోపమేమీ లేదని, కాపురమున్నవారి అలవాట్లే కారణమని అతడు రెండు గంటలకు నివేదిక పంపనున్నాడు. అది వెళ్ళిన తరువాత ఏజెన్సీ ఏ మరమ్మతూ చేయదు, వేరే ఇల్లూ చూపదు. వేరే ఇల్లు దొరకక నాలుగు నెలలుగా తిరుగుతున్న శ్రీవత్స, పిల్లను తీసుకువచ్చేది ఇక్కడికే.

"రండి మేడమ్ గారూ," అన్నాడు కళాధర్, లేవకుండానే. "మీ ఫ్యాక్టరీలో అయితే గాలికి కూడా గౌను తొడుగుతారటగా. ఇది మామూలు మనుషులుండే ఇల్లండి. ఉడకబెట్టుకుంటారు, బట్టలారేసుకుంటారు, పొగ పెట్టుకుంటారు. తడి రాక ఏమవుద్ది?"

"మీరు ఈ చెక్క నేల కిందికి దిగి చూశారా, కళాధర్ గారూ?"

"అక్కర్లేదండి. గోడలు చూస్తే తెలిసిపోద్ది. నేల కింద నాకేం పని?"

చాముండేశ్వరి వంటగది తలుపు పక్కన ఒదిగి నిలుచున్న శ్రీవత్స తల్లి శాంతకుమారి వైపు తిరిగింది. ఆమె కళ్ళు ఉబ్బి ఉన్నాయి. వెనుక పూజ అరలో దీపపు కుంది చల్లగా ఉన్నది.

"అక్కయ్యగారూ, పూజ ఎన్నింటికి చేస్తారు?"

"పొద్దుగాల ఎనిమిదింటికి చెల్లె. రెండు అగరొత్తులు ముట్టిస్త, గంతే. నా అగరొత్తుల వల్లనే పిల్లకు గిట్లయిందంటున్నడు గా సారు. ఐదు దినాల సంది దీపం గూడ పెట్టలే."

"ఈ చలికాలంలో మీరు ఊళ్ళో లేని రోజులేమైనా ఉన్నాయా?"

"పోయిన నెల డండాక్‌ల మా తమ్ముని బిడ్డ ఇంటికి పోయిన. పదకొండు దినాలున్న."

"శ్రీవత్సా, పాపకు దగ్గు ఎప్పుడెప్పుడు వచ్చిందో రాసిపెట్టుకున్నావా?"

డేటా సెంటరులో యంత్రాల వేడిని కాపలాకాసే ఉద్యోగం శ్రీవత్సది. ప్రతిదానికీ పట్టిక రాయనిదే అతనికి తోచదు. ఫోను తీసి చూపించాడు. "మొత్తం లాగ్ ఉంది ఆంటీ. డేట్, టైమ్, ఇన్హేలర్ ఎన్ని పఫ్స్, అన్నీ."

ఆమె కళ్ళజోడు సవరించుకుని చదివింది. ఉదయాలు ఐదూ యాభై. ఐదూ నలభై ఐదు. ఆరూ ఐదు. మళ్ళీ సాయంత్రాలు ఐదూ పది, ఐదుంబావు. ఎక్కడా ఎనిమిది గంటల తరువాత మొదలైన ఉదయపు దగ్గు లేదు.

"అమ్మ డండాక్‌లో ఉన్న పదకొండు రోజుల్లో ఎన్నిసార్లు వచ్చింది?"

అతడు లెక్కపెట్టి, తల్లి వైపు చూడకుండా అన్నాడు. "నాలుగు సార్లు."

"ఆ రోజుల్లో అగరుబత్తి ఎవరు వెలిగించారు?"

"ఎవ్వరు వెలిగించలేదు ఆంటీ. వంట కూడా లేదు. మేమిద్దరం ఆఫీసుల్లోనే తిన్నాం, పాపకు మైక్రోవేవ్‌ల పాస్తా."

"ఇంటి హీటింగు ఎన్నింటికి ఆన్ అవుతుంది?"

"టైమర్ పెట్టిన. పొద్దున ఐదున్నర, సాయంత్రం నాలుగూ నలభై ఐదు." చెబుతూ చెబుతూ అతడు దగ్గు పట్టికను మళ్ళీ తెరిచాడు. ఒకే ఫోనులో ఉన్న ఆ రెండు వరుసలను అతడు ఇంతవరకు పక్కపక్కన పెట్టి చూడలేదు.

కళాధర్ చిన్నగా చప్పట్లు కొట్టాడు. "బావుందండి, కోర్టు సీను. ఇప్పుడు నా సాక్ష్యం చూడండి మరి." అతడు తన ఫోనులో ఒక చిత్రం చూపాడు. ఇంటి వెనుక గోడకు నేలమట్టంలో ఇనుప జాలీ బిగించిన గాలికన్నం. దాని కింది అంచున తెల్లని చారలు. "పాలు మేడమ్. పెరుగు, తేనె కూడా ఉండొచ్చు. అడగండి పెద్దావిణ్ణి, ఆ కన్నంలో రోజూ ఏం పోస్తున్నారో."

శాంతకుమారి ముఖం పాలిపోయింది. "అభిషేకం నీళ్ళు చెల్లె. తొక్కొద్దు గద. మురికి నీళ్ళ పైపుల పొయ్యొద్దు. ఈడ తులసి చెట్టు సలికి సచ్చిపాయె. గా జాలీ కాడికి ఎవ్వరు పోరు, లోపట మట్టి కనిపిస్తది. భూమాతల కలుస్తయి గదా అని పోసిన."

"ఎంత పోస్తారు? ఎంత కాలంనుంచి?"

"ఒక చిన్న చెంబు. సోమారం నాడు పాలు గూడ. ఈ ఇంట్లకు వచ్చిన కాడి నుంచి, ఏడాదిన్నర."

"అదండి సంగతి," అన్నాడు కళాధర్. "ఏడాదిన్నర బూజుకి పంచామృతం. రిపోర్టులో ఈ ముక్క ఒక్కటి చాలు."

శ్రీవత్స తల్లిని చూసిన చూపులో కోపముంది, ఆ కోపానికి సిగ్గు కూడా ఉంది. చాముండేశ్వరి ఆ చూపుకు అడ్డంగా వచ్చి నిలబడింది. "ఆ నీళ్ళు చేసిన తప్పెంతో కొలుద్దాం. కొలవనిదే శిక్ష వేయకూడదు. ముందు పాప గది చూపించు."

హాసిని గది ఇంటి ముందువైపున ఉన్నది. గోడలోకి కట్టిన బట్టల అలమర, దానిని ఇక్కడివాళ్ళు ప్రెస్ అంటారు, పిల్ల మంచానికి జానెడు దూరం. లోపల అడుగున రెండు చెక్కపలకల నడుమ వేలు పట్టేంత సందు. చాముండేశ్వరి హీటింగు వేయించి, తలుపు మూసి, ఇరవై నిమిషాలు ఆగింది. తరువాత శాంతకుమారిని అడిగి ఒక అగరుబత్తి తెప్పించింది.

"అగరొత్తా," అని ఆ పెద్దామె వెనుకాడింది.

"దీని మీద నేరం మోపారు. దీనినే సాక్ష్యం అడుగుదాం."

వెలిగించిన కొనను ఆమె సందు దగ్గర పెట్టింది. సన్నని పొగ ఒక క్షణం తడబడి, కింది నుంచి ఎవరో ఊదినట్టు ఒక్క ఉదుటున పైకి లేచి, అలమర దాటి, మంచం తలగడ వైపు వంగింది. 

"ఇల్లు వేడెక్కగానే వేడిగాలి పైకి పోతుంది," అన్నది చాముండేశ్వరి. "పోయిన గాలి చోటును నింపడానికి నేల కింది గాలి ఈ సందుల్లోంచి వస్తుంది. కింద పొడిగా ఉంటే బాధ లేదు. కింద బూజుంటే దాని విత్తనాలు, ఆ ముక్కిన వాసన, అన్నీ ఈ దారినే తలగడ మీదికి వస్తాయి. ఐదున్నరకు హీటింగు, ఐదూ యాభైకి దగ్గు. పాప ఆసుపత్రిలో ఐదు రోజులుగా ఎలా ఉంది?"

"అక్కడ ఒక్కసారి కూడా రాలేదు ఆంటీ."

ఇళ్ళు దేవుడిచ్చిన దేహాల వంటివి. పైన తుడిచి ముగ్గు పెట్టినంత మాత్రాన లోపలి నాళాలు శుభ్రమైనట్టు కాదు. ఈ పాత ఇళ్ళలో చెక్క నేలకూ మట్టికీ నడుమ ఒక మనిషి పాకిపోయేంత చీకటి జాగా విడిచి, అందులోకి గాలి ఆడేందుకు గోడలకు కన్నాలుంచుతారు. ఆ గాలి ఆగితే నేల కింద వానాకాలం పన్నెండు నెలలుంటుంది.

హాలు తివాచీ అంచు ఎత్తితే నాలుగు మరలు బిగించిన మూత కనబడింది. కళాధర్ చటుక్కున లేచాడు. "ఆగండి. లీజు ప్రకారం అద్దెకున్నవాళ్ళు నేల తెరవకూడదు. శ్రీవత్స గారూ, ఇది తీశారంటే లీజు రద్దు చేస్తారు. తర్వాత నన్ననకండి."

పన్నెండుంబావు. శ్రీవత్స స్క్రూడ్రైవరు చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. అప్పుడే సుధేష్ణ ఫోను. ఊపిరి హాయిగా ఆడుతోందని చెబుతూ స్పీకరులోంచి హాసిని గొంతు వినిపించింది. "డాడీ, ఐ కెన్ బ్రీద్ గ్రాండ్ నౌ. కెన్ ఐ స్టే హియర్?"

అతడు ఫోను పెట్టేసి మోకాళ్ళ మీద కూర్చుని నాలుగు మరలూ తానే విప్పాడు.

చాముండేశ్వరి తెల్లని పూర్తి సూటు తొడుక్కుని, ముక్కుకు వడపోత ముసుగు బిగించి, నుదుట దీపం పెట్టుకుని లోపలికి దిగింది. "మోకాళ్ళు జాగ్రత్తండి, ఈ వయసులో," అన్న కళాధర్ మాట పైనుంచి వినిపించింది. ఆమె హనుమన్నామం ఒకటి మనసులో అనుకుని ముందుకు పాకింది.

మొదట వెనుక గోడకు వెళ్ళింది. అభిషేకం నీళ్ళు పడే చోట మట్టి నల్లగా ఉండి, పక్క దూలం మీద కంచమంత బూజు పట్టి ఉన్నది. తేమ కొలిచే పరికరం సూదులు గుచ్చితే నూటికి ఇరవై రెండు. ఇరవై దాటితే చెక్కకు బూజు పడుతుంది. రెండడుగులు పక్కకు జరిగి గుచ్చితే పదిహేడు. ఆ కన్నం తెరిచి ఉంది గనుక గాలి ఆడుతోంది. చెంబు నీళ్ళ నేరం రెండడుగులు. ఉన్నది ఉన్నట్టు రాసుకున్నది. దేవుని పేర పోసిన నీరైనా చెక్కకు తడే.

తరువాత హాసిని గది కిందికి పాకింది. అక్కడ దీపపు వెలుగులో మట్టి మెరిసింది. అది నిలిచిన నీరు. ముందుగోడ కన్నాల మీద బయట వాకిలికి కొత్తగా పోసిన కాంక్రీటు అడ్డంగా కూర్చుని, ఒక్క రవ్వ వెలుగు రానీయడం లేదు. పైకప్పు వాననీటిని దించే గొట్టం ఆ కాంక్రీటు కింద విరిగి లోపలికే కారుతోంది. దూలాలకు ఎవరో తెల్లని రంగు పూశారు. ఆ రంగును చీల్చుకుని బూడిదరంగు నూగు బూజు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నది. సూదులు గుచ్చింది. ముప్పై మూడు.

ఆమె గాజు బిళ్ళ మీదికి నమూనా తీస్తూ, రంగు అందని ఒక దూలం పక్కభాగం మీద పెన్సిలు రాతలు చూసింది. నేల కింద కాగితం మెత్తబడిపోతుంది గనుక పనివాళ్ళు కొలతలు చెక్క మీదనే రాసుకుని ఫోటో తీసుకుంటారు. చివరి ఇంటి కింద వరుసనంతా కూర్చినట్టు ఒకటి నుంచి తొమ్మిది వరకు ఇళ్ళ అంకెలు, ప్రతిదాని పక్కన దాని తేమ అంకె. తొమ్మిది పక్కన ఇరవై ఎనిమిది. కింద తేదీ, కిందటి సంవత్సరం మార్చి మూడు. శ్రీవత్స కుటుంబం ఈ ఇంట్లో చేరింది ఆ మే నెలలో.

అన్నిటికంటే పైన, కొలతలు మొదలుకాకముందు, పొందికగా రాసిన ఒకే ఒక తెలుగు అక్షరం. శ్రీ.

ఆమె ఫోనుతో ఆ రాతలన్నిటినీ ఫోటో తీసుకున్నది. ఏది రాయబోయినా ముందు శ్రీకారం చుట్టనిదే చేయి సాగనివ్వని పెంపకమే తనదీ.

పైకి వచ్చేసరికి రెండు కావడానికి పది నిమిషాలు. శ్రీవత్స ఆసుపత్రికి బయలుదేరి వెళ్ళాడని శాంతకుమారి చెప్పింది. కళాధర్ సోఫాలో టీ తాగుతున్నాడు. చాముండేశ్వరి ముసుగు తీసి, చేతులు కడుక్కుని, అతని ముందు ఒక తెల్ల కాగితమూ కలమూ పెట్టింది.

"మీ రిపోర్టు మీరు పంపుకోండి. నా ఫైలుకు రెండు వాక్యాలు కావాలి. ఈ ఇంటి నేల కిందికి నేనెన్నడూ దిగలేదు, అక్కడి తేమ నాకు తెలియదు అని. తెలుగులోనే రాయండి, చాలు."

"అంతేనా? కింద ఏం దొరకలేదన్నమాట." అతడు నవ్వి, కప్పు పక్కన పెట్టి, కాగితం దగ్గరకు లాక్కున్నాడు. కలం ముందు కాగితం పైఅంచు నడుమకు వెళ్ళింది. పొందికగా ఒక అక్షరం రాసింది. ఆ తరువాతే కింది వాక్యం మొదలుపెట్టింది.

చాముండేశ్వరి తన ఫోనును ఆ కాగితం పక్కన ఉంచింది. దూలం మీది శ్రీ, కాగితం మీది శ్రీ. రెంటికీ ఒకే వంపు, ఒకే తోక.

కలం ఆగింది.

"ఈ చుట్టుపక్కల తెలుగు సర్వేయరు ఇంకెవరైనా ఉంటే పేరు చెప్పండి," అన్నదామె. "క్షమాపణ అడుగుతాను."

శాంతకుమారి రెండు అక్షరాలనూ వంగి చూసింది. ఆమె గొంతు పెరగలేదు. "నువ్వు ముందే చూసినవా బిడ్డా? చూసి, నా దీపం ఆర్పించినవా?"

కళాధర్ మునుపటి తీరున మాట్లాడలేకపోయాడు. "రాసిచ్చానమ్మా, అప్పుడే రాసిచ్చాను. తొమ్మిదిళ్ళకీ. రెండు నెలలు ఖాళీగా ఉంచి బాగుచెయ్యమన్నాను. వాళ్ళు రంగేసి అద్దెకిచ్చేశారు. నేను అడగలేదు. అడిగితే పని పోద్దని." నుదురు తుడుచుకుని, ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు. "మేడమ్, శ్రీవత్స గారికి నేనో తాళం ఇచ్చాను. మీరు కింద ఉన్నప్పుడు. మిమ్మల్ని పంపించేస్తే ఈ వరుసలోనే ఆరో ఇల్లు వెంటనే ఇస్తామని ఏజెన్సీ నాతో చెప్పించింది. పిల్లని తిన్నగా అక్కడికే తెస్తానన్నారాయన."

ఆమె ఫోనులోని చిత్రం పెద్దది చేసింది. ఆరు పక్కన ముప్పై ఒకటి.

"దానికీ రంగే వేశారా?"

"రంగే వేశారు."

శ్రీవత్సకు చేసిన ఫోను మోగి మోగి ఆగింది. మళ్ళీ చేసినా అంతే. ఆసుపత్రి వార్డుకు చేస్తే, మంచం కావలసి వచ్చి పాపను ఒంటిగంటన్నరకే పంపేశామన్నారు. కారులో అరగంట దారి. చాముండేశ్వరి సూటు విప్పకుండానే, బూట్లు తొడుక్కుని, వాకిట్లోకి దిగి నడిచింది. నడక చాలదనిపించి పరుగెత్తింది. వెనుక శాంతకుమారి, ఆమె వెనుక కళాధర్.

ఆరవ ఇంటి ముందు కారు ఆగి ఉన్నది. శ్రీవత్స తాళం తిప్పి తలుపు లోపలికి తోస్తున్నాడు. సుధేష్ణ సంచీలు దించుతోంది. హాసిని టోపీ పెట్టుకుని గడప మీద ఒక కాలు ఎత్తింది.

"శ్రీవత్సా, పాపను ఆపు."

అతడు వెనక్కి చూసి, ఆ తెల్లని వేషాన్నీ, వెంట తల్లినీ, కళాధర్ ముఖాన్నీ చూసి, ఏమీ అడగకుండా కూతురిని భుజాలు పట్టి వెనక్కి లాక్కున్నాడు. చాముండేశ్వరి తలుపు మూసి, తాళం తీసి కళాధర్ చేతిలో పెట్టింది. నాలుగు మాటలలో సంగతి చెప్పింది. అభిషేకం నీళ్ళ రెండడుగులు కూడా దాచలేదు. "అక్కయ్యగారూ, ఇకనుంచి ఆ నీళ్ళు ఏదైనా గులాబీ మొదట్లో పోయండి. దీపం మాత్రం ఇవాళే వెలిగించండి," అన్నది. శ్రీవత్స తల్లి చేయి పట్టుకుని తలదించుకున్నాడు. శాంతకుమారి కొడుకు భుజం మీది దూదిపోగు తీసివేసింది. 

"ఆర్ వి నాట్ గోయింగ్ ఇన్?" అన్నది హాసిని.

"లేదమ్మా. మా ఇంటికి వస్తున్నారు. సిటీవెస్ట్‌లో, మూడో అంతస్తు. మా నేల కింద మట్టి లేదు, ఒక ముసలాయన ఉన్నాడు."

"ఈజ్ హి నైస్?"

"చాలా మంచివాడు. చెవుడు. టీవీ గట్టిగా పెడతాడు, అదొక్కటే."

పిల్ల నవ్వింది. దగ్గు రాలేదు. తన ఇంటి తాళపుచెవి సుధేష్ణకు ఇచ్చి, వాళ్ళను కారెక్కించి, చాముండేశ్వరి గడియారం చూసింది. రెండూ ఇరవై ఐదు. ఆమె కూడా బయలుదేరవలసినదే. కానీ కళాధర్ కదలకుండా వరుస మొదటివైపే చూస్తున్నాడు.

"చెప్పండి," అన్నదామె.

"ఆ లిస్టులో అన్నిటికన్నా పెద్ద అంకె చూడండి మేడమ్."

మూడవ ఇల్లు. ముప్పై ఆరు. ఆమె తలెత్తి ఆ వైపు చూసింది. కిటికీ కింద రేడియేటరు వేడికి అద్దం మసకబారి ఉన్నది. గుమ్మానికి నీలం బెలూన్లు కట్టి ఉన్నాయి.

"నిన్న సాయంత్రమే ఆసుపత్రినుంచి తెచ్చుకున్నారు," అన్నాడతడు. "నెల తక్కువ బిడ్డట."

చాముండేశ్వరి ముసుగు మళ్ళీ మెడకు తగిలించుకుంది. "ఆ తలుపు మీరు కొట్టండి, కళాధర్ గారూ. మార్చి మూడున మీరు చూసింది మీ నోటితో మీరే చెప్పండి. నేను పక్కన నిలబడతాను."

రెండింటికి పంపని ఆ నివేదికను అలాగే విడిచి, అతడు ఆ తలుపు వైపు నడిచాడు.

ఈ ఘట్టాన్ని చదివినవారికీ, చదవగా విన్నవారికీ ఇంటి నేల పొడిగా ఉండుగాక. వారి పసివారు తెల్లవార్లూ దగ్గు ఎరుగక నిద్రింతురుగాక. చూసినది చెప్పే ధైర్యం ప్రతి నోటికీ, నిండైన ఊపిరి ప్రతి రొమ్ముకూ వాయునందనుడు ప్రసాదించుగాక. శుభమస్తు.